రాతి అచ్చుల వెంట సరిహద్దు దాకా: లూయిస్ హిమెనెస్ ఊరు ఎల్ పాసో, ఆపైన ఆల్బుకర్కీ

డెన్వర్ విమానాశ్రయానికి వెళ్ళే దారిలో, వెలిగే ఎర్రటి కళ్ళతో ముందుకాళ్ళెత్తి నిలుచున్న నీలి గుర్రాన్ని అమెరికాలో తిరిగే తెలుగువారిలో చాలామంది చూసే ఉంటారు. 32 అడుగుల ఆ శిల్పాన్ని తలపెట్టిన లూయిస్ హిమెనెస్ 1940లో టెక్సస్ పడమటి కొసన, మెక్సికోను ఆనుకొని ఉన్న ఎల్ పాసో నగరంలో పుట్టారు. 2006లో న్యూ మెక్సికోలోని హోండో అనే చిన్న ఊళ్ళో, తన పనిశాలలోనే, ఆ గుర్రం భాగమొకటి మీద పడి మరణించారు. మిగిలిన పని ఇతరులు పూర్తిచేయగా 2008లో దాన్ని నిలబెట్టారు. ఈ విషాదం వల్ల గుర్రానికి వచ్చిన పేరు ఆయన రాతి అచ్చులకు, అంటే లిథోగ్రాఫులకు, రాలేదు. సరిహద్దు మనుషుల గురించి ఆయన చెప్పదలచుకున్నది మాత్రం శిల్పాలలో కంటే ఈ అచ్చులలోనే సూటిగా ఉందని నా అభిప్రాయం. వాటిని, అవి పుట్టిన నేలను కలిపి చూడాలన్న ఉద్దేశంతో డాలస్ నుంచి ఎల్ పాసోకు, అక్కడి నుంచి ఆల్బుకర్కీకి నేను, నా భార్య బయలుదేరాము. ఇండియా నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మామగారు కూడా మాతో వచ్చారు. ఆయన విజయవాడలో ఏళ్ళ తరబడి ఆఫ్‌సెట్ ప్రెస్సు నడిపినవారు.

డాలస్ నుంచి ఎల్ పాసో ఒకే రాష్ట్రంలోనే ఉన్నా 600 మైళ్ళకు పైగా దూరం. కారులో పగలంతా పోతుంది. పెద్దవారు వెంట ఉంటే విమానమే మేలు. ఎల్ పాసో గడియారం డాలస్ కంటే ఒక గంట వెనక నడుస్తుంది కనుక పొద్దుటి విమానంలో వెళితే ఆ రోజు దాదాపు మొత్తం చేతిలో ఉంటుంది. వేసవిలో అక్కడి ఎండ మన రెంటచింతల ఎండకు తీసిపోదు, వసంతంలో దుమ్ము గాలులు వీస్తాయి. అందువల్ల అక్టోబరు చివర, నవంబరు మొదట్లో వెళ్ళడం మంచిది. మెక్సికన్లు గతించిన పెద్దలను తలచుకునే నవంబరు 1, 2 తేదీలు కూడా అప్పుడే వస్తాయి గనుక, హిమెనెస్ బొమ్మలలో పదే పదే కనిపించే అస్థిపంజరాలు ఊరంతా అలంకరణలుగా కనబడతాయి. కారు అద్దెకు తీసుకునేవారు ఒక సంగతి ముందే అడగాలి. ఒక ఊళ్ళో తీసుకుని మరో ఊళ్ళో అప్పగిస్తే పడే అదనపు రుసుమును మేము మాట్లాడుకున్న సంస్థ బుకింగు సమయంలో చూపించలేదు. తాళాలు ఇచ్చేటప్పుడు చెప్పింది. ఆ మొత్తం దాదాపు కారు అద్దెతో సమానం.

బసకు రెండు దారులున్నాయి: విమానాశ్రయం దగ్గర, ఒకే పేరుతో అన్ని ఊళ్ళలో ఉండే హోటళ్ళు, లేదా నగరం నడిబొడ్డు. మొదటి రాత్రి విమానాశ్రయం పక్కన ఉన్నాము. గది శుభ్రంగానే ఉంది గానీ, ఉచితమని చెప్పిన హోటలు వ్యాను కోసం మామగారు చలిలో ముప్పావు గంట నిలబడవలసి వచ్చింది. కాఫీ సంగతి చెప్పకపోవడమే మర్యాద. తరువాత 1912లో కట్టిన హోటల్ పాసో దెల్ నోర్తెకు మారాము. ఖర్చు దాదాపు రెట్టింపు, కారు నిలిపినందుకు వేరే రుసుము. అయినా రంగుటద్దాల పెద్ద గుమ్మటం కింద కూర్చునే ఆ హాలు, నడక దూరంలో మ్యూజియం, వంతెన ఉండడం లెక్కవేస్తే ఈ యాత్రకు అదే సరైన బస. డబ్బు చూసుకోవలసినవారు అక్కడ ఒక రాత్రి ఉండి, మిగతా రాత్రులు మరోచోట గడపవచ్చు.

హోటలు నుంచి కొద్ది నడకలో సాన్ హసింటో ప్లాజా అనే చిన్న పార్కు ఉంది. 1960ల దాకా అక్కడి కొలనులో నిజమైన మొసళ్ళను పెంచేవారు. ఆ జ్ఞాపకం మీద 1990లలో హిమెనెస్ ఫైబర్‌గ్లాస్‌తో చేసిన మొసళ్ళ గుంపు ఇప్పుడు పార్కు మధ్యలో ఉంది. తండ్రి నియాన్ బోర్డుల దుకాణంలో చిన్నప్పటి నుంచి పని నేర్చుకున్నవాడు చేసిన శిల్పమని ఆ మెరుపు చూడగానే తెలుస్తుంది. కార్లకు వేసే తరహా రంగు, వంపు తిరిగిన ప్రతి కండరం మీదా వెలుతురు. పిల్లలకు నచ్చుతుంది, పది నిమిషాలు చాలు. అక్కడి నుంచి 2018లో మళ్ళీ పట్టాలెక్కిన పాత ట్రాముబండి ఎక్కితే విశ్వవిద్యాలయం దాకా వెళ్ళి రావచ్చు. ఒకప్పుడు ఈ ట్రాము సరిహద్దు దాటి, నదికి అవతల మెక్సికోలో ఉన్న హువారెస్ నగర వీధుల్లోకి కూడా వెళ్ళేదట. విశ్వవిద్యాలయ భవనాలు 1917 నుంచి భూటాన్ వాస్తు పద్ధతిలో కడుతున్నారని విని మామగారు నమ్మలేదు. ఏటవాలు గోడలు, పెద్ద చూరులు చూశాక నమ్మారు.

ఎల్ పాసో మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కు ప్రవేశ రుసుము లేదు, సోమవారం తెరవరు. క్రెస్ సంస్థ ఇచ్చిన పాత ఐరోపా చిత్రాల సేకరణ, ఈ నగరంలోనే పుట్టిన చిత్రకారుడు టామ్ లీ పనులు నిదానంగా చూడదగ్గవి. హిమెనెస్ కోసమే వెళ్ళేవారు మాత్రం ఒక విషయం గుర్తుంచుకోవాలి: కాగితం మీది బొమ్మలు వెలుతురుకు పాలిపోతాయి గనుక ఏ మ్యూజియమైనా వాటిని కొన్ని నెలలకు మించి గోడ మీద ఉంచదు. తక్కిన కాలమంతా అవి సొరుగుల్లో ఉంటాయి. ముందుగా ఈమెయిలు రాసి, ఏ బొమ్మలు చూడాలనుకుంటున్నామో చెప్పి సమయం తీసుకుంటే చాలా సంస్థలు అధ్యయన గదిలో చూపిస్తాయి; కనీసం మూడు వారాల ముందు రాయడం మంచిది. మేము ఈ మార్గంలోనే ఒక సేకరణలో వాటిని చూశాము. సంచులు బయట పెట్టి, చేతులు కడుక్కుని, పెన్ను కాకుండా పెన్సిలు మాత్రమే పట్టుకుని లోపలికి వెళ్ళాలి. అక్కడి ఉద్యోగిని ఒక్కొక్క బొమ్మనూ బల్ల మీద పరచి, మాకు కావలసినంత సేపు ఉంచింది. ఇంత సేవకు రుసుము లేకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మొదట చూసినది 1989 నాటి ‘క్రుసాందో ఎల్ రియో బ్రావో’, అంటే రియో బ్రావో నదిని దాటుతూ. నదిలో నడుస్తున్న మగవాడు, అతని భుజాల మీద స్త్రీ, ఆమె ఒడిలో శాలువా చుట్టిన పసిబిడ్డ. ముగ్గురూ ఒకే స్తంభంలా నిలువుగా పెరిగి ఉంటారు. ఇదే భావనతో చేసిన శిల్పాన్ని హిమెనెస్ సరిహద్దు దాటి వచ్చిన తన తండ్రి కుటుంబానికి అంకితం చేశారు. శిల్పంలో బరువు కనిపిస్తుంది. అచ్చులో బరువుతో పాటు తొందర కూడా కనిపిస్తుంది, ఎందుకంటే జిడ్డు పెన్సిలు గీతలన్నీ ఒకే వైపు పరుగెత్తుతుంటాయి. ఆ తరువాత 1984 నాటి ‘బైలే కోన్ లా తలాకా’: ఒక మగవాడు అస్థిపంజరాన్ని పట్టుకుని, కాళ్ళు తడబడకుండా, హుషారుగా నాట్యం చేస్తాడు. పోసాదా (1852–1913) అనే మెక్సికో అచ్చు కళాకారుడు కరపత్రాల మీద వేసిన నవ్వే పుర్రెల సంప్రదాయం టెక్సస్ నాట్యశాలలోకి నడిచి వచ్చినట్టుంటుంది. 1996 నాటి స్వీయచిత్రంలో ఆయన ముఖం చర్మం కిందనుంచే పుర్రె బయటికి తెలుస్తుంది. మరణించడానికి పదేళ్ళ ముందు వేసుకున్న బొమ్మ అని తెలిసి చూడడం కష్టమే గానీ, అందులో జాలి అడిగే గీత ఒక్కటీ లేదు.

మామగారు వాటిని మరో విధంగా చూశారు. జేబులోంచి భూతద్దం తీసి, ఉద్యోగిని అనుమతితో, కాగితానికి తగలకుండా వంగి చాలాసేపు పరిశీలించారు. నున్నగా నూరిన సున్నపురాయి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీసి, కొద్దిగా ఆమ్లం కలిపిన తుమ్మజిగురు పూసి, నీళ్ళతో తడిపి, పైన సిరా రోలరు నడిపిస్తే, జిడ్డు ఉన్నచోటే సిరా పట్టుకుంటుందని నేను వివరించబోయాను. ఆయన నవ్వి, “ఇది మన ఆఫ్‌సెట్టే కదండీ అల్లుడు గారూ! నీళ్ళకూ జిడ్డుకూ పడదు, అదే ఆధారం. మనం రేకు మీద చేసేది వీళ్ళు రాయి మీద చేస్తున్నారు,” అన్నారు. ప్రతి రంగుకూ వేరే రాయో రేకో కావాలనీ, గీసినది కాగితం మీద అద్దంలోలాగా తిరగబడి పడుతుందనీ ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ప్రెస్సు పోస్టరులో రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుందనీ, చేతి అచ్చులో చుక్కల వరస ఉండదనీ, రాయి గరుకుతనం మాత్రమే కనిపిస్తుందనీ భూతద్దం నా చేతికిచ్చి చూపించారు. ఎర్ర రంగు ఒకచోట వెంట్రుకవాసి పక్కకు జరిగి పడిందని కూడా పట్టుకున్నారు. అది దోషమా, కావాలని చేసినదా అన్న చర్చ భోజనం దాకా సాగింది.

భోజనం సంగతికి వస్తే, ఎల్ పాసోలో శాకాహారులకు చూడగానే భయపడవలసిన పని లేదు గానీ అడగకుండా తినకూడదు. చిక్కుడుగింజల ముద్దను చాలాచోట్ల పంది కొవ్వుతో వండుతారు, అన్నంలో కోడి రసం కలుపుతారు. ‘సిన్ మాంతేకా’ (పంది కొవ్వు లేకుండా) అని అడిగితే విసుక్కోకుండా చెప్పేవారు. చీజ్ కూరిన పచ్చిమిరపకాయలు మామగారికి బజ్జీల బెంగ తీర్చాయి.

అచ్చులు చూసిన మర్నాడు పాసో దెల్ నోర్తె వంతెన మీదికి వెళ్ళాము. ఈ వరస మార్చవద్దని నా సలహా. కాలినడకన వెళ్ళేవారు కొద్దిపాటి చిల్లర సుంకం కట్టి ఎక్కవచ్చు. మధ్యలో రెండు దేశాల హద్దును చూపే ఫలకం ఉంటుంది. కిందికి చూస్తే కాంక్రీటు కాలువ, అందులో అక్కడక్కడ తడి. రియో గ్రాండే అని అమెరికా, రియో బ్రావో అని మెక్సికో పిలిచే నది ఇదే. అమెరికా, మెక్సికో యుద్ధం ముగిసిన 1848 ఒప్పందంతో ఈ నది సరిహద్దు అయింది. అది దారి మార్చుకోవడంతో చామిసాల్ అనే భూభాగం ఎవరిదన్న తగవు దాదాపు వందేళ్ళు నడిచి 1963 ఒప్పందంతో తీరింది. 1968 డిసెంబరులో ఇద్దరు అధ్యక్షులు కలిసి నీటిని ఈ కాంక్రీటు కాలువలోకి మళ్ళించారు. ఎగువన ఎలిఫెంట్ బ్యూట్ ఆనకట్ట నుంచి సేద్యానికి నీళ్ళు వదిలే నెలలు తప్ప ఇక్కడ ప్రవాహం ఉండదు. హిమెనెస్ బొమ్మలో ఆ మగవాడు దాటుతున్న నీళ్ళు ఇప్పుడు ఆ చోట లేవు. వాటి స్థానంలో కంచె, దీపస్తంభాలు, కెమెరాలు ఉన్నాయి. బొమ్మ పాతబడిందని మొదట అనిపించింది. వంతెన మీద ఎదురుగా బిడ్డలను ఎత్తుకుని, సంచులు మోసుకుని వచ్చే జనాన్ని చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

అవతల హువారెస్‌లో పాత కస్టమ్స్ భవనంలోని విప్లవ మ్యూజియం ఒక్కటే చూసి తిరిగి వచ్చాము. 1909లో అమెరికా అధ్యక్షుడు టాఫ్ట్, మెక్సికో అధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్ కలుసుకున్న భవనమది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గల భారతీయులను మెక్సికో వేరే వీసా అడగదు. పాస్‌పోర్టులోని వీసా గడువు తీరినవారు మాత్రం తమ న్యాయవాదిని అడగకుండా వంతెన దాటకూడదు. ఆ నగరం విషయంలో అమెరికా ప్రభుత్వ ప్రయాణ హెచ్చరికలు ఉంటాయి గనుక, పగటిపూట, ప్రధాన వీధి వదలకుండా నడవడం మంచిది. తిరిగి వచ్చే వరస గంటకు మించి పట్టింది. మోకాళ్ళ నొప్పులున్నవారికి నేను దీన్ని సిఫారసు చేయను. వంతెన మధ్య నుంచే వెనక్కి తిరగడానికి వీలుంటుందో లేదో కూడా ముందుగా తెలుసుకుని ఎక్కాలి.

ఎల్ పాసో నుంచి ఆల్బుకర్కీ కారులో నాలుగు గంటలు. లాస్ క్రూసెస్ దాటాక ఉత్తరం వైపు వెళ్ళే వాహనాలన్నిటినీ సరిహద్దు గస్తీ దళం ఆపుతుంది. పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే ఐ-94 కాగితం పెట్టెలో కాకుండా చేతికి అందేలా ఉంచుకోవాలి. పౌరులు కానివారు ఐ-94 వంటి నమోదు పత్రం వెంట ఉంచుకోవడం చట్టప్రకారం అవసరం. మమ్మల్ని మర్యాదగానే పంపారు, అయినా కారులో కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. హోండో, రోజ్‌వెల్ మీదుగా చుట్టి వెళ్ళాలన్న ఆలోచన మానుకున్నాము; రోజ్‌వెల్ మ్యూజియం 2024 అక్టోబరు వరదలో బాగా దెబ్బతిన్నది కనుక వెళ్ళేవారు ముందుగా విచారించుకోవాలి.

ఆల్బుకర్కీలో చూడవలసినది టామరిండ్ ఇన్‌స్టిట్యూట్. జూన్ వేన్ అనే కళాకారిణి 1960లో లాస్ ఏంజెలెస్‌లో ప్రారంభించిన ఈ లిథోగ్రఫీ కార్ఖానా 1970లో ఇక్కడి విశ్వవిద్యాలయానికి మారింది. అమెరికాలో దాదాపు అంతరించిపోతున్న రాతి అచ్చు పనికి మళ్ళీ నిపుణులను తయారుచేసిన చోటు ఇది. గ్యాలరీ చిన్నది, కాని పరాయివాళ్ళమన్న భావం కలగనివ్వరు. పనిశాల లోపల చూడాలంటే ముందుగా రాయాలి. ఎల్ పాసోలో బొమ్మ ఏమిటో తెలిస్తే ఇక్కడ అది ఎలా తయారవుతుందో తెలుస్తుంది. ఒక్క చోటికే వీలున్నవారు ఎల్ పాసోనే ఎంచుకోవాలి. మార్టినెస్‌టౌన్ పేటలోని హిమెనెస్ శిల్పం ‘సౌత్‌వెస్ట్ పియెతా’ కూడా చూశాము (పియెతా అంటే చనిపోయినవారిని ఒడిలో పెట్టుకుని దుఃఖించే రూపం). పాతబస్తీలో పెట్టాలనుకుంటే అక్కడివారు వద్దన్నందున ఈ పేటవారు ఆదరంగా తమ పార్కులో చోటిచ్చారు. పక్కనే బండ్లు ఆపుకోవచ్చు, జనం ఉండరు.

అచ్చుబొమ్మ కొనాలనుకునేవారికి మామగారి భూతద్దం కంటే మంచి తోడు లేదు. కింద అంచున పెన్సిలుతో సంఖ్య, సంతకం ఉండాలి. కార్ఖానా ముద్ర కాగితంలో నొక్కి ఉంటే మరీ మంచిది. రంగులో చుక్కల వరస కనిపిస్తే అది పోస్టరు, ధర ఎంత చెప్పినా సరే. హిమెనెస్ సంతకం చేసిన ప్రతులు మా అందుబాటులో లేవు. మేము ఒక యువ కళాకారుడి చిన్న ప్రతి కొన్నాము. దుకాణదారు దాన్ని గొట్టంలో చుట్టబోతే మామగారు ఒప్పుకోలేదు. దళసరి కాగితం ఒకసారి చుట్టుకుంటే సిరా పొర పగలవచ్చని, రెండు గట్టి అట్టల మధ్య చదునుగా కట్టించారు. కొనే ముందే అట్టల కొలత విమానంలో చేతి సామానుకు ఇచ్చే హద్దులో పడుతుందో లేదో చూసుకోవాలి, లేకపోతే పంపే ఖర్చు బొమ్మ ధరలో సగం అవుతుంది.