ధోలావీరాలో రెండు రోజులు

హరప్పా, మొహెంజొదారో సరిహద్దుకు అవతల ఉండిపోయాయి. మనం సులువుగా వెళ్లి చూడగలిగిన సింధు నాగరికత పట్టణాల్లో గుజరాత్‌లోని లోథల్, ధోలావీరా ముఖ్యమైనవి. డిసెంబరులో అమ్మతో కలిసి రెండూ చూసి వచ్చాను.

లోథల్ అహ్మదాబాద్ నుంచి ఒక్క పూటలో అయిపోతుంది. 200 మీటర్లకు పైగా పొడవున్న ఇటుకల రేవు కోసం తప్పక వెళ్లండి. తక్కినదంతా గంటలో చూడవచ్చు. రోజులు తక్కువైతే మాత్రం నేరుగా ధోలావీరాకే వెళ్లమంటాను.

ధోలావీరాకు భుజ్ నుంచి ఖావడా మీదుగా వెళ్లే కొత్త రోడ్డు కచ్ఛ్ రణ్ అనే ఉప్పు మైదానం మధ్యలోంచి సాగుతుంది. రెండు పక్కలా కనుచూపు మేర తెల్లటి ఉప్పు. టాక్సీ మాట్లాడుకోవడమే మేలు. పెట్రోలు, తాగునీళ్లు భుజ్‌లోనే నింపుకోండి. మాకు బస దొరికింది భుంగాలనే కచ్ఛ్ పల్లెల గుండ్రటి ఇళ్ల తరహాలో కట్టిన గదిలో. గది శుభ్రంగా ఉంది కానీ, వేడినీళ్లు రెండుసార్లు అడిగితే గానీ రాలేదు. సజ్జ రొట్టె, వంకాయ కూర, చిక్కటి మజ్జిగ పెట్టారు. అంత రుచిగా తిని చాలా రోజులైంది.

ఎండెక్కక ముందే శిథిలాలకు చేరాం. నాగరికత అనగానే మనకు పెద్ద నది గుర్తొస్తుంది. ఇక్కడ ఉన్నవి మన్‌సర్, మన్‌హర్ అనే రెండు వాగులే, అవీ వానాకాలంలోనే పారతాయి. ఆ నీటిని ఆనకట్టలతో మళ్లించి, నగరం చుట్టూ జలాశయాలు నింపుకున్నారు. తూర్పు జలాశయం సుమారు 73 మీటర్ల పొడవు, 10 మీటర్ల లోతు. అమ్మది అనంతపురం. మెట్ల అంచున నిలబడి, "ఒకటి నిండితే రెండోదానిలోకి దిగేటట్లు కట్టారు, మన గొలుసుకట్టు చెరువుల్లాగే" అంది. గైడు కూడా తర్వాత అదే వివరించాడు. గైడును తప్పక పెట్టుకోండి. లేకపోతే ఉత్తర ద్వారం దగ్గర సింధు లిపిలోని పది పెద్ద అక్షరాల ఫలకం దొరికిన చోటును కూడా గమనించకుండా దాటిపోతాం. మ్యూజియానికి శుక్రవారం సెలవు.

నన్ను కదిలించింది మాత్రం ఆ నగరం చివరి దశ. వానలు తగ్గాయి, మెసొపొటేమియాతో వ్యాపారం సన్నగిల్లింది, క్రీ.పూ. 2000 ప్రాంతానికి నగరం క్షీణించిపోయింది. కొంతకాలానికి మళ్లీ మనుషులు వచ్చారు. వాళ్లకు కోటలు అక్కర్లేదు, తిన్నని వీధులు అక్కర్లేదు. పాత గోడల రాళ్లే ఏరుకుని చిన్న చిన్న గుండ్రటి ఇళ్లు కట్టుకున్నారు. మోకాలెత్తైనా లేని ఆ రాళ్ల వలయంలో నిలబడి అటూ ఇటూ అడుగులు వేసి చూశాను. ఇంచుమించు మేము పడుకున్న గదంతే ఉంది.

చాలామంది పొద్దున వచ్చి మధ్యాహ్నానికి తిరిగి వెళ్లిపోతారు. మీరు రెండో రోజు కూడా ఉండండి. మేము ఆ గుండ్రటి పునాదుల కోసమే మళ్లీ వెళ్లాం.