కాట్స్‌వోల్డ్సా, సఫోకా? లండన్ నుంచి ఒక్కరోజు కారు ప్రయాణానికి ఏది మేలు

అమ్మానాన్న చీరాల నుంచి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఈ చర్చ జరుగుతుంది. టవర్ బ్రిడ్జి, బిగ్ బెన్ చూడటం అయ్యాక నాన్న అడుగుతారు: "ఈళ్ల పల్లెటూళ్లు ఎట్టా ఉంటయ్యిరా?" నాకు దొరికేదేమో ఒక్క శనివారం. ఇక్కడి తెలుగువాళ్లలో ఎవరిని అడిగినా, రాతి ఇళ్ల పల్లెలున్న కొండప్రాంతం కాట్స్‌వోల్డ్స్ అనే అంటారు. నేనూ చాలాకాలం అదే చెప్పాను. ఇప్పుడు మాత్రం సఫోక్ జిల్లా అంటున్నాను.

దూరం గురించి ఆలోచించాల్సిన పనిలేదు. పడమటి వైపు కాట్స్‌వోల్డ్స్‌లోని బర్ఫర్డ్‌కైనా, ఈశాన్యంగా సఫోక్‌లోని లావెన్‌హామ్‌కైనా దాదాపు 75 మైళ్లే. ట్రాఫిక్ కరుణిస్తే రెండు గంటలు.

అందం ఒక్కటే చూస్తే కాట్స్‌వోల్డ్స్‌కి వంక పెట్టలేం. ఆక్స్‌ఫర్డ్ దాటి ఏ40 రోడ్డు మీద బర్ఫర్డ్ చేరితే, ఊరి పెద్ద వీధి మొత్తం కొండవాలులో విండ్‌రష్ నది వంతెన దాకా దిగిపోతూ కనిపిస్తుంది. గోడలు, ఇంటి కప్పులు, పొలం గట్లు అన్నీ ఒకే తేనెరంగు సున్నపురాయి. అక్కడి నుంచి స్టో ఆన్ ద వోల్డ్ పది మైళ్లు. దాని చౌరస్తాకి వచ్చి కలిసే సందులు మనిషి భుజాలు రాసుకునేంత ఇరుకు. గొర్రెల్ని సంతలోకి ఒక్కొక్కటిగా తోలుతూ లెక్కపెట్టడానికే అలా కట్టారని చెబుతారు. ఇంకాస్త ఉత్తరాన చిప్పింగ్ క్యాంప్‌డెన్. 'చిప్పింగ్' అంటే పాత ఇంగ్లీషులో సంత. 1627లో వెన్న, జున్ను, కోళ్లు అమ్ముకునేవాళ్ల కోసం కట్టించిన రాతి మండపం వీధి మధ్యలో ఇప్పటికీ నిలబడి ఉంది. కానీ నేను వెళ్లిన ప్రతిసారీ అందులో అమ్మేవాళ్లెవరూ కనిపించలేదు. అందరూ ఫొటోలు దిగేవాళ్లే, వాళ్లలో మేమూ.

అసలు ఇబ్బంది అక్కడే ఉంది. బోర్టన్ ఆన్ ద వాటర్‌కి వేసవి శనివారం పదకొండు దాటాక వెళితే, నది ఒడ్డున కూర్చునే జాగా సంగతి దేవుడెరుగు, కారు పెట్టే చోటు కోసమే ముప్పావుగంట తిరిగాం. బైబరీలో 1380 ప్రాంతంలో ఉన్ని నిల్వకు కట్టి, తర్వాత నేతగాళ్ల ఇళ్లుగా మార్చిన ఆర్లింగ్టన్ రో వరుస ఉంది. అందమైనదే. కానీ ఆ ఇళ్లలో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు. వాళ్ల కిటికీల ముందు వరుసకట్టి సెల్ఫీలు తీసుకుంటుంటే అమ్మ నా చొక్కా పట్టి లాగి, "పదరా, ఎవరింటి ముందో ఇదేం పని" అంది.

సఫోక్ ఊళ్లను కట్టించిందీ ఉన్ని డబ్బే. ఉన్ని ఒకప్పుడు ఈ దేశానికి ఎంత పెద్ద సంపదంటే, పార్లమెంటు ఎగువసభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో స్పీకర్ నేటికీ ఉన్ని కూరిన ఎర్రటి ఆసనం మీదే కూర్చుంటారు. కాట్స్‌వోల్డ్స్‌లో కాలి కింద తవ్వితే రాయి దొరికేది, దానితో కట్టుకున్నారు. సఫోక్‌లో కట్టడానికి పనికొచ్చే రాయి లేదు. అందుకని ఓక్ దూలాలతో చట్రం వేసి, మధ్యలో తడికలు అల్లి, మట్టి మెత్తి, పైన సున్నం కొట్టారు. నాన్నకి ఇది చెప్పగానే, "అంటే మన తడిక గోడలేగా!" అన్నారు. అంతే, ఇక ఆయన్ని ఆ వీధిలోంచి కదిలించడం నా వల్ల కాలేదు. ఆరకముందే పచ్చి కలపతో కట్టడం వల్ల దూలాలు ఎండేకొద్దీ వంకర తిరిగాయి, దాంతో ఇళ్లు తూలుతున్నట్టు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉంటాయి. పైగా వాటికి గులాబీ, పసుపు రంగులు.

లావెన్‌హామ్ నీలిరంగు ఉన్ని బట్టకు పేరుబడ్డ ఊరు. 1500 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని అతి ధనిక పట్టణాల్లో అదొకటి. ఆ నీలం మన నీలిమందు కాదు, వోడ్ అనే మొక్క ఆకుల్లోంచి తీసింది. తర్వాతి కాలంలో ఇండియా నీలిమందు వచ్చి ఆ వోడ్‌నే వెనక్కి నెట్టేసింది. మగ్గాల ఊర్లో పుట్టినవాళ్లకి ఇలాంటి కబురు దొరికితే ఎట్టా ఉంటుందో చెప్పక్కర్లేదు. 1530 ప్రాంతంలో కట్టిన గిల్డ్‌హాల్లో, అంటే పాత సంఘ భవనంలో, ఆ బట్టల వ్యాపారం కథంతా చూపిస్తారు. టికెట్ కొనాలి, కొనండి. ఊరు అలాగే మిగలడానికి కారణం మాత్రం విషాదమే. కోల్చెస్టర్‌లో స్థిరపడ్డ డచ్ శరణార్థులు తేలికైన, చవకైన బట్ట నేయడంతో లావెన్‌హామ్ చితికిపోయింది. పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత జనానికి లేకపోయింది.

ఇక సంత. నా మనసు మార్చింది ఇదే. కాట్స్‌వోల్డ్స్‌లో చెప్పుకోదగ్గ సంతలు మోర్టన్ ఇన్ మార్ష్‌లో మంగళవారం, సైరెన్‌సెస్టర్‌లో సోమ, శుక్రవారాలు. ఆఫీసు ఉన్నవాళ్లకు కుదిరే రోజులా అవి? లావెన్‌హామ్‌కి పదకొండు మైళ్ల దూరంలో ఉన్న బరీ సెంట్ ఎడ్మండ్స్‌లో బుధ, శనివారాలు. వీధుల పేర్లే బటర్‌మార్కెట్, కార్న్‌హిల్. కూరగాయలు, చేపలు, రొట్టెలు, మొక్కలు, చవక చొక్కాలు అన్నీ ఉంటాయి. గిన్నెకు ఇంత అని పండ్లు అమ్ముతూ అరిచేవాళ్లుంటారు. టూరిస్టుల కోసం పెట్టిన సంత కాదిది, ఊరివాళ్లు వారానికి సరుకులు కొనుక్కునే చోటు. అమ్మ బేరమాడబోయింది. బేరం తెగలేదు గానీ, గిన్నెలో ఇంకో రెండు ప్లమ్స్ వేసి నవ్వాడు ఆ అబ్బాయి. పక్కనే శిథిలమైన పాత మఠం, దాని చుట్టూ తోట, ఉచితం. ఇంట్లోంచి తెచ్చుకున్న పులిహోర అక్కడే తిన్నాం.

తిండి విషయంలో రెండు చోట్లా ఒకటే హెచ్చరిక. మనం తీరిగ్గా మూడింటికి భోజనం అంటే చాలా పబ్బుల్లో వంట ఆపేసి ఉంటారు. టీ కొట్లు కూడా సాయంత్రం ఐదు లోపే మూసేస్తారు. శాకాహారులకి చివరికి మిగిలేది బేక్డ్ బీన్స్ వేసిన జాకెట్ పొటాటో, అంటే తొక్కతోనే కాల్చిన బంగాళదుంప. డబ్బా కట్టుకెళ్లండి.

డ్రైవింగ్‌లో మాత్రం సఫోక్‌కి మార్కులు తగ్గిస్తాను. కాట్స్‌వోల్డ్స్‌లో ఏ429 పాత రోమన్ బాట, చాలాచోట్ల గీత గీసినట్టు ఉంటుంది. సఫోక్ సందు రోడ్లలో రెండు పక్కలా మనిషెత్తు కంచె, ఒక్క కారు పట్టే వెడల్పు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే రివర్స్ గేరే గతి. తెల్ల గుండ్రంలో నల్లగీత ఉన్న బోర్డు చూసి గంటకి అరవై మైళ్ల వేగంతో పోవచ్చు అనుకోకండి. అది పరిమితి మాత్రమే, అక్కడ ముప్పైలో వెళ్లడమే గగనం. కెర్సీ అనే పల్లెలో వీధికి అడ్డంగా వాగే పారుతుంది, అందులోంచే కారు పోవాలి. నీళ్లు తక్కువే, కానీ వాన పడిన మర్నాడు నేను దిగలేదు. వెనక సీట్లోంచి నాన్న "మన వాగులు దాటలేదా ఏంది" అంటూనే ఉన్నారు.

కాబట్టి కారుండి, శనివారం దొరికి, వెంట పెద్దవాళ్లు ఉంటే సఫోక్. పదింటికల్లా బరీ సంతలో ఉండండి, మధ్యాహ్నం లావెన్‌హామ్, తిరుగు దారిలో లాంగ్ మెల్ఫర్డ్ చర్చి. వీలైతే జూన్‌లో వెళ్లండి, రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది.

కారు లేని స్టూడెంట్లకి మాత్రం నా సలహా పూర్తిగా తిరగబడుతుంది. లావెన్‌హామ్‌కి రైలే లేదు. అదే మోర్టన్ ఇన్ మార్ష్‌కి లండన్ ప్యాడింగ్టన్ స్టేషన్ నుంచి నేరుగా గంటన్నర. క్లాసులు లేని మంగళవారం చూసుకుని రైలెక్కితే, దిగిన చోటే సంత.