పసుపు ఫాగ్ లైట్లతో మూడు చలికాలాలు

అరకు ఘాట్ ఎక్కుతున్నామని ఎవరైనా అడిగితే, మొదటి రెండేళ్లూ ఒకటే మాట చెప్పేవాణ్ణి: టైర్లు, బ్యాటరీ సంగతి తర్వాత, ముందు బంపర్ కింద పసుపు ఫాగ్ లైట్లు వేయించండి. అంత మురిసిపోయాను మరి. అనంతగిరి దగ్గర పొగమంచులో హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచినట్టుంటుంది. ఇవి వేస్తే రోడ్డు అంచు గీత కనిపించేది. ఇరవై స్పీడులో పోవడానికి అది చాలు.

మొన్నటి చలికాలం నా ముచ్చట తీర్చింది. తెల్లవారుజామున మూడింటికి విశాఖ ఎంవీపీ కాలనీలో బయల్దేరాం. ఎస్.కోట దాకా ఇబ్బందేం లేదు. గాలికొండకు వచ్చేసరికి మంచు కమ్మేసింది. స్విచ్ వేస్తే కుడి లైటు వెలగలేదు. ఎడమది రెండు మలుపుల దాకా మిణుకుమిణుకుమని అదీ పోయింది. "ఏం బావా, నీ బంగారు లైట్లు?" అన్నాడు పక్కనున్న బావమరిది. నవ్వే ఓపిక లేదు నాకు. డిమ్ వేసుకుని, ఎదురొచ్చే బస్సు హారన్ కోసం అద్దం దించి పాకాం. దించినంతసేపు బాగానే ఉంది. చలికి తట్టుకోలేక ఎత్తేస్తే, ఐదుగురి ఊపిరికి ముందద్దం లోపల మసక పట్టేసింది. మా ఆవిడ తువ్వాలుతో తుడుస్తూనే ఉంది. చలని ఏసీ ఆపేశానని అప్పుడు గుర్తొచ్చింది. ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పితే నిమిషంలో తేటపడింది. పైసా ఖర్చులేని బటన్!

వచ్చాక విప్పిస్తే కనెక్టర్ల నిండా చిలుము. బీచ్ దగ్గర్లో కారు ఆరుబయటే పెడతాను. ఇనుప కిటికీ ఊచల్నే తినేసే ఉప్పుగాలికి సన్నటి రాగితీగ ఒక లెక్కా? పైగా బిగించినతను రిలే (బ్యాటరీ కరెంటును నేరుగా లైట్లకు అందించే చిన్న స్విచ్) పెట్టకుండా, వైరు కోసి టేపు చుట్టేశాడు. రిలే, నీళ్లు దూరని కనెక్టర్లు వేయించాక మళ్లీ ఇబ్బంది పెట్టలేదు. అయితే అప్పటినుంచి వెళ్లింది రెండుసార్లే.

అంతా పసుపు రంగు మహిమ అని కూడా అనేవాణ్ణి. ఇప్పుడంత గట్టిగా అనను. బావమరిది కారుకు కంపెనీవి తెల్లవే ఉన్నాయి, దాదాపు ఇంతే పనిచేస్తున్నాయి. వెలుతురు కిందుగా, వెడల్పుగా పడటమే అసలు సంగతేమో.

నేను ఏటా నాలుగైదుసార్లు అరకో లంబసింగో చీకటితోనే పోతాను కాబట్టి నాకివి తప్పవు. ఎండెక్కాక బయల్దేరేవాళ్లు, బీచ్ రోడ్డు, గాజువాక దాటనివాళ్లు ఆ డబ్బు టైర్లకు దాచుకోవచ్చు. నేనైతే ఇప్పుడు ముందురోజు రాత్రే కారును గోడకెదురుగా ఆపి, రెండూ వెలుగుతున్నాయో లేదో చూసుకుని పడుకుంటున్నాను.