కబ్ ప్యాక్‌లో కొన్నేళ్లు: తండ్రిగా, సహాయకుడిగా నా సమీక్ష

మా ఇద్దరబ్బాయిలూ కబ్స్‌లోనే, అంటే స్కౌటింగ్‌లోని చిన్నపిల్లల విభాగంలోనే పెరిగారు. పెద్దవాణ్ని చేర్పించిన కొత్తలో నేను వాణ్ని గుమ్మం దగ్గర దింపేసి వెళ్లిపోయేవాణ్ని. చిన్నవాడు చేరేనాటికి వారం వారం అక్కడే ఉండి ఆటలాడించే సహాయకుణ్నయ్యాను. ఇప్పుడు వాళ్లిద్దరూ స్కౌట్స్‌లోకి వెళ్లిపోయారు, నేను మాత్రం ప్యాక్‌ని, అంటే ఆ కబ్స్ గుంపుని వదల్లేదు. అందుకని బయటి నుంచి చూసిందీ, లోపలి నుంచి చూసిందీ రెండూ ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లాడికి బడీ ఫోనూ కాకుండా ఇంకో లోకం ఉండాలనుకునేవాళ్లకు కబ్స్‌ని మించింది నేను చూడలేదు. కానీ ప్యాక్‌కీ ప్యాక్‌కీ చాలా తేడా ఉంటుంది. అదే యూనిఫామ్, అదే ప్రతిజ్ఞ, అవే బ్యాడ్జీలు. అయినా ఒకచోట పిల్లలు వారమంతా ఆ సాయంత్రం కోసం ఎదురుచూస్తారు, ఇంకోచోట ఇది మరో క్లాసులా తయారవుతుంది. ఆ తేడా ఎక్కడ వస్తుందో నాకు అర్థమయ్యేసరికి చాలా కాలమే పట్టింది.

స్కౌటింగ్ గురించి పెద్దగా తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్కౌటింగ్‌కి ఆద్యుడైన బేడెన్ పవెల్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో కొద్దిమంది అబ్బాయిలతో ఒక క్యాంపు పెట్టాడు. ఆ తర్వాతి ఏడాది నుంచే స్కౌటింగ్ అంతటా పాకింది. అన్నలు గుడారాలు వేసుకుని అడవుల్లో తిరుగుతుంటే తమ్ముళ్లు ఊరుకుంటారా? మేమూ వస్తామని వెంటపడ్డారు. వాళ్ల వయసుకు తగ్గ పద్ధతి వేరే ఉండాలని 1916లో వుల్ఫ్ కబ్స్ మొదలుపెట్టారు. కిప్లింగ్ రాసిన జంగిల్ బుక్‌లోని తోడేళ్ల గుంపు కథ దీనికి ఆధారం. అందుకే ప్యాక్ నడిపేవాళ్లని అకేలా అంటారు, సహాయకులకు బలూ, బఘీరా లాంటి పేర్లుంటాయి. ఈ విభాగానికి రూపం ఇవ్వడంలో వెరా బార్క్‌లే అనే ఆమె పాత్ర చాలా ఉంది. మగవాళ్లు మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్న రోజులు కావడంతో అప్పట్లో చాలా ప్యాక్‌లను ఆడవాళ్లే నడిపారు. చేరే వయసు దేశాన్ని బట్టి మారుతుంది, బ్రిటన్‌లో 8 ఏళ్ల నుంచి పదిన్నర దాకా. చాలా దేశాల్లో ఇప్పుడు అమ్మాయిలనూ చేర్చుకుంటున్నారు. నేను పనిచేసింది అబ్బాయిల ప్యాక్‌లో కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

ఇక అసలు విషయం. మొత్తం గుంపు ప్యాక్ అయితే, అందులో ఆరుగురేసి ఉండే చిన్న జట్లను సిక్స్‌లంటారు. తొలిరోజుల్లో ఈ సిక్స్‌లకు తోడేళ్ల రంగుల పేర్లు పెట్టేవారు: నలుపు, బూడిద, గోధుమ, ఎరుపు, తెలుపు ఇలా. ఇప్పటికీ చాలాచోట్ల రంగుల పేర్లే. జట్టులో కాస్త అనుభవం ఉన్న అబ్బాయి సిక్సర్, అతనికి తోడు ఒక సెకండ్. అమెరికాలో ఇలాంటి చిన్న జట్టుని డెన్ అంటారు, దాన్ని నడిపేది పెద్దవాళ్లే. సిక్స్‌లో మాత్రం ఆ బాధ్యత తొమ్మిది, పదేళ్ల కుర్రాడిది. ప్యాక్ మంచిదా కాదా అని తేల్చేది నా దృష్టిలో ఇదొక్కటే. ఆ కుర్రాడికి నిజంగా పనుందా, లేక వరసలో ముందు నిలబడటానికే ఉన్నాడా?

మా ప్యాక్‌లో సిక్సర్ చేతిలో పనులుంటాయి. తన జట్టులో ఎవరు వచ్చారో ఎవరు రాలేదో అకేలాకి చెప్పాలి. తాళ్లూ బంతులూ తెచ్చి పంచాలి, అయిపోయాక లెక్కపెట్టి పెట్టెలో పెట్టించాలి. కొత్తగా వచ్చినవాడికి స్కార్ఫ్ మడవడం నేర్పాలి, ఆటలో వాడు ఒంటరిగా మిగిలిపోకుండా చూడాలి. ఇవి చెప్పుకోవడానికి చిన్న పనులే. ఒకసారి ఎవరితోనూ మాట్లాడని పిల్లాడొకడు చేరాడు. పెద్దవాళ్లం మేం ఎంత బుజ్జగించినా గోడ పక్కనుంచి కదిలేవాడు కాదు. వాడి సిక్సర్ ఏమీ అడగలేదు, తాడు చివర వాడి చేతిలో పెట్టి, "గట్టిగా పట్టుకో, నేను ముడి వేస్తా" అన్నాడంతే. తర్వాతి వారాల్లో వాడు ఆ సిక్సర్ వెనకాలే తిరిగేవాడు, మరికొన్నాళ్లకు అందరితో కలిసి అరవడం మొదలుపెట్టాడు. పిల్లాడికి పిల్లాడు ఇచ్చే ధైర్యం పెద్దవాళ్లం ఇవ్వలేమని నాకు బలంగా అనిపించిన సందర్భం అది.

సిక్సర్‌ని ఎలా ఎంచుతారన్నది కూడా చూడాలి. గొంతు పెద్దదిగా ఉన్నవాణ్నో, ఎక్కువ బ్యాడ్జీలున్నవాణ్నో పెట్టేస్తే ఆ జట్టు నలిగిపోతుంది. మా అకేలా కొన్ని వారాలు గమనిస్తుంది. ఆటలో ఓడిపోయినప్పుడు ఎవడు ఎలా ఉంటాడో చూస్తుంది. మీటింగ్ అయ్యాక సిక్సర్లందర్నీ కూర్చోబెట్టి కాసేపు మాట్లాడుతుంది కూడా. పోయిన వారం ఏది బాగుంది, ఏది విసుగొచ్చింది, వచ్చేవారం ఏం చేద్దాం అని అడుగుతుంది. వాళ్లు చెప్పినవాటిలో ఒకటైనా తప్పకుండా జరుగుతుంది. అడిగి వదిలేస్తే పిల్లలు రెండోసారి నోరు విప్పరు.

ప్యాక్ ఎంత పెద్దగా ఉండాలన్నది తరచూ వచ్చే ప్రశ్న. బేడెన్ పవెల్ 1919లో స్కౌట్ నాయకుల కోసం రాసిన పుస్తకంలో తాను స్వయంగా 16 మందికి మించి చూసుకోలేకపోయానని రాశాడు. అది పెద్ద అబ్బాయిల గురించి చెప్పిన మాట. కబ్స్ విషయంలో నా అనుభవం ఏమిటంటే, నాలుగు సిక్స్‌లు, అంటే 24 మంది దాటితే అకేలాకి ఒక్కొక్కడి మీదా కన్ను వేయడం కుదరదు. మరీ పది మందే ఉంటే జట్ల ఆటలు పండవు. వెయిటింగ్ లిస్టు ఉన్న ప్యాక్ అంటే చాలామంది విసుక్కుంటారు. పిల్లల్ని కుక్కకుండా ఆపుతున్నారంటే నాకైతే నమ్మకం పెరుగుతుంది.

మీటింగ్ గంటన్నర ఉంటుంది. మొదట్లో గ్రాండ్ హౌల్. పిల్లలంతా వలయంగా నిలబడి, గొంతుకూర్చుని, వేళ్లు నేలకానించి, శక్తికొద్దీ చేస్తామని అకేలాకి ఒక్క గొంతుతో చెబుతారు. బయటినుంచి చూసేవాళ్లకి వింతగా ఉంటుంది కానీ, బడి నుంచి అలసిపోయి వచ్చిన పిల్లల్ని ఒక్క నిమిషంలో అక్కడికి తెచ్చేస్తుంది. తర్వాత పరుగులాట, దాని వెంటనే నేర్చుకునే పని, మళ్లీ ఆట, ఆ తర్వాత కూర్చుని చేసేదేదైనా. చివర్లో కథ, జెండా దించడం. ఈ వరస ఊరికే వచ్చింది కాదు. పరిగెత్తించాక కూర్చోబెడితే చెప్పింది చెవికెక్కుతుంది, రాగానే కూర్చోబెడితే ఎవడూ వినడు. ఆట గురించి మా అకేలా నేర్పిన పద్ధతి నేను ఇప్పటికీ పాటిస్తాను. ఇంకోసారి ఆడదాం అని పిల్లలు గోల చేస్తున్నప్పుడే ఆట ఆపేయాలి, అప్పుడే వచ్చేవారం అదే ఆట కోసం పరిగెత్తుకుంటూ వస్తారు.

కిమ్స్ గేమ్ అని ఒకటుంది. పళ్లెంలో చిన్న చిన్న వస్తువులు పెట్టి, ఒక నిమిషం చూపించి, గుడ్డ కప్పేస్తారు. ఏమేం ఉన్నాయో గుర్తు తెచ్చుకుని చెప్పాలి. మొదట్లో అయిదారు చెప్పి ఆగిపోయే పిల్లలు, సిక్స్‌గా కూర్చుని నువ్వు ఈ మూల చూడు, నేను ఆ మూల చూస్తా అని పంచుకోవడం వాళ్లంతట వాళ్లే కనిపెడతారు. ఎవరూ నేర్పరు. అది చూడటం నాకు ఎప్పటికీ విసుగు పుట్టదు.

ఇదంతా ఎవరో ఒకరు ముందుగా రాసిపెట్టుకుంటేనే జరుగుతుంది. మూడు నెలల కార్యక్రమం ఒకేసారి కూర్చుని వేసుకుంటాం, ఏ వారం ఎవరు ఏం తేవాలో పేర్లతో సహా. వానొస్తే ఏం చేయాలన్నది కూడా అందులోనే ఉంటుంది. నాకు తెలిసిన ఇంకో ప్యాక్‌లో ఇవేవీ ఉండేవి కావు. అకేలా వచ్చి, చుట్టూ చూసి, "సరే, వరసలో నిలబడండి" అనేవాడు. సగం సమయం నిలబడటంలోనే పోయేది. మా పెద్దవాడు మొదట అందులోనే ఉండి, కొన్ని నెలలకు కడుపునొప్పని సాకులు చెప్పడం మొదలుపెట్టాడు. ప్యాక్ మార్చాక ఆ కడుపునొప్పి మళ్లీ రాలేదు.

బ్యాడ్జీల విషయంలో నాకు కొంత అసంతృప్తి ఉంది. మొదటి వుల్ఫ్ కబ్స్‌లో టోపీ మీద రెండు నక్షత్రాలుండేవి. తోడేలు పిల్ల కళ్లు మూసుకునే పుడుతుంది కదా, మొదటి నక్షత్రం వస్తే ఒక కన్ను తెరిచినట్టు, రెండోది వస్తే రెండు కళ్లూ తెరిచినట్టు. ఎంత అందమైన ఊహ! అప్పటి నుంచీ కబ్స్‌లో కొలమానం ఒక్కటే, ఆ పిల్లాడు తన శక్తికొద్దీ చేశాడా లేదా అన్నది. ఒకడికి రీఫ్ నాట్ అనే తాడు ముడి రెండు నిమిషాల్లో వస్తుంది, ఇంకొకడికి రెండు నెలలు పడుతుంది. రెండోవాడు పడ్డ కష్టానికే ఎక్కువ విలువ. కానీ ఇప్పుడు చాలాచోట్ల బ్యాడ్జీల జాబితా పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోతున్నారు. ఒక్క సాయంత్రంలో ముప్పావు బ్యాడ్జీ అయిపోతుంది. తల్లిదండ్రుల ఒత్తిడి దీనికి తోడు. పక్కింటి పిల్లాడి చొక్కా నిండుగా ఉంది, మావాడి చేయి ఖాళీగా ఉందేమని అడిగేవాళ్లని నేను చాలామందిని చూశాను. కొందరైతే ఇంట్లో కూర్చుని వాళ్లే మోడల్ చేసి పంపిస్తారు. దయచేసి అలా చేయకండి. తన చేత్తో చేసిన వంకర పక్షిగూడు చూసుకుని పొంగిపోయే పిల్లాడి ఆనందాన్ని మనం తీసేసుకున్నట్టవుతుంది.

పెద్దవాళ్ల ఏర్పాటు బయటికి కనిపించదు కానీ బరువంతా దాని మీదే. కబ్ ప్యాక్ ఒక్కటే ఉండదు, పెద్దపిల్లల జట్టైన స్కౌట్ ట్రూప్‌తో కలిపి గ్రూప్ అంటారు. గ్రూప్‌కి ఒక బాధ్యుడు, డబ్బూ హాలూ సామానూ చూసుకునే కమిటీ ఉంటాయి. కమిటీలో ఎక్కువమంది తల్లిదండ్రులే. అందరూ జీతం లేకుండా పనిచేసేవాళ్లే. ఎక్కడ చూసినా ఒకటే సమస్య, మనుషులు చాలరు. మంచి అకేలా దొరికితే చాలు, మిగతావాళ్లు అన్నీ ఆమె మీదే పడేస్తారు. కార్యక్రమం ఆమే, ఫోన్లు ఆమే, డబ్బు లెక్కలు ఆమే. రెండు మూడేళ్లకు ఆమె అలసిపోయి మానేస్తుంది, ప్యాక్ మూతపడుతుంది. ఇలా మూతపడ్డ ప్యాక్ పిల్లలు మా దగ్గరికి వచ్చారు. అందుకే మా గ్రూప్‌లో చేర్పించేటప్పుడే ప్రతి ఇంటినీ ఏదో ఒక పని అడుగుతారు. తాళాలు తీయడమైనా సరే, ఖాతా రాయడమైనా సరే.

శిక్షణ గురించి త్వరగా చెప్పేస్తాను. నాయకులకు వుడ్ బ్యాడ్జ్ అనే శిక్షణ ఉంటుంది, 1919లో లండన్ దగ్గర గిల్‌వెల్ పార్క్‌లో మొదలైంది. పూర్తిచేసినవాళ్ల మెడలో తోలు తాడుకి రెండు చెక్క పూసలు కనిపిస్తాయి. పూసలున్నవాళ్లంతా గొప్ప నాయకులని కాదు, కానీ నేర్చుకోవడానికి సమయం పెట్టారని తెలుస్తుంది.

భద్రత విషయంలో మాత్రం ఎక్కడా సర్దుకుపోకండి. ఏ పెద్దవాళ్లూ ఒక పిల్లాడితో ఒంటరిగా ఉండకూడదు, కనీసం ఇద్దరు పెద్దవాళ్లుండాలి, గుడారంలో పెద్దలూ పిల్లలూ కలిసి పడుకోకూడదు. బ్రిటన్‌లో కబ్స్‌ని బయటికి తీసుకెళ్తే ప్రతి 8 మందికీ ఒక పెద్దవారు, వాళ్లు కాక బాధ్యత తీసుకునే నాయకుడు అని నియమం. మేము కూడా అదే లెక్క పాటిస్తాం. ఒకసారి సహాయకులు ఇద్దరు రాలేకపోతే బయలుదేరాల్సిన ఉదయం నడక రద్దు చేశాం. పిల్లలు ఏడ్చారు, కొందరు తల్లిదండ్రులు కోప్పడ్డారు. అకేలా ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోలేదు. ఆమె మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

క్యాంపు లేకపోతే కబ్స్ సగమే. మొదటిసారి ఇంటికి దూరంగా రాత్రి గడిపే పిల్లలకు చీకటి పడ్డాక దిగులు మొదలవుతుంది. అప్పుడు చేతినిండా పని ఉండాలి. గిన్నెలు కడగడం, పుల్లలు ఏరడం, పక్కలు పరచడం, అన్నీ సిక్స్‌ల వారీగా. ఖాళీగా కూర్చున్నవాడికే అమ్మ గుర్తొస్తుంది. మొదటి క్యాంపు ఒక్క రాత్రికే పెట్టే ప్యాక్‌ని ఎంచుకోండి, రెండు రాత్రులు మరుసటి ఏడాది చూసుకోవచ్చు. మధ్యలో ఫోన్ చేస్తామని పట్టుబట్టకండి. మన గొంతు వింటే ఆపుకున్న ఏడుపు బయటికొస్తుంది. ఇంటికొచ్చాక మా చిన్నవాడు చెప్పకుండానే తన కంచం తను కడిగేశాడు. అది వారం రోజులే నిలిచిందనుకోండి, అయినా నాకు సంతోషంగానే ఉంది.

ఇది అందరు పిల్లలకూ నప్పుతుందని అనను. గోల అసలు పడని పిల్లలకి మొదటి నెల నరకంలా ఉంటుంది. అలాంటి పిల్లాడుంటే అకేలాకి ముందే చెప్పండి, మొదట్లో ఆటల బదులు సామాను పంచే పని ఇప్పిస్తే మెల్లగా అలవాటు పడతాడు. వారానికో సాయంత్రం తప్పకుండా కేటాయించలేకపోతే ఇప్పుడే చేర్పించకండి. వస్తూ పోతూ ఉండే పిల్లాడికి జట్టులో చోటు కుదరదు, మిగతా అయిదుగురికీ ఇబ్బందే.

చేర్పించాలనుకుంటే ముందు ఒకటి రెండు మీటింగులు కూర్చుని చూస్తామని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో ప్యాక్ వెతుక్కోండి. ఒప్పుకుంటే పెద్దవాళ్ల వంక కాకుండా సిక్సర్ల వంక చూడండి, తాడు వాళ్ల చేతుల్లో ఉందో లేదో. యూనిఫామ్ మాత్రం మొదటి వారమే కొనేయకండి. పిల్లాడు నియమాలు తెలుసుకుని ప్రతిజ్ఞ చేసే రోజున స్కార్ఫ్ వేస్తారు, అందుకు కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా వాడికి నచ్చిందో లేదో మీకే తెలిసిపోతుంది. చొక్కా ఒక సైజు వదులుగా తీసుకుంటే స్కౌట్స్‌లోకి వెళ్లేదాకా అదే సరిపోతుంది.