ఎయిర్ ఫ్రయర్‌లో నూనె: హనుమకొండలో మూడేళ్ల వాడకం తర్వాత

మా హనుమకొండ ఇంట్లోకి నాలుగు లీటర్ల ఎయిర్ ఫ్రయర్ వచ్చి మూడేళ్లు దాటింది. వారానికి నాలుగైదు రోజులు వాడుతున్నాము. దుకాణంలో దీన్ని "నూనె లేని వేపుడు" అని చెప్పి అమ్ముతారు కానీ, ఆ మాటలో సగమే నిజం ఉంది. నూనె అసలు తగలకపోతే బెండకాయ ముక్క వేగదు, వరుగులాగా ఎండిపోతుంది. కాబట్టి ఎంత నూనె, ఏ నూనె, ఎక్కడ వేయాలి అన్నదే ఈ యంత్రంతో అసలు పని.

మొదటి వారంలో కడాయి అలవాటు కొద్దీ బుట్టలోనే రెండు గరిటెల నూనె పోశాను. ఆ నూనె ముక్కలకు అంటకుండా చిల్లుల గుండా కింది సొరుగులోకి దిగి, అక్కడ కాగి, వంటిల్లంతా పొగ చేసింది. పైన వేడెక్కే కాయిల్, దానికి తోడు ఒక ఫ్యాను, ఆ ఫ్యాను బుట్ట చుట్టూ తిప్పే వేడిగాలి తప్ప ఇందులో మరేమీ లేదని, పేరులో ఫ్రయర్ అని ఉన్నా ఇది చిన్న ఓవెన్ మాత్రమేనని ఆ రోజే అర్థమైంది.

రెండో తప్పు నూనె ఎంపికలో జరిగింది. మా అత్తమ్మ గానుగలో దగ్గరుండి ఆడించుకొచ్చిన పల్లి నూనె తప్ప మరొకటి ముట్టరు. రుచికి దానికి సాటి లేదు, కానీ శుద్ధి చేయని పల్లి నూనె సుమారు 160 డిగ్రీల దగ్గరే పొగ మొదలుపెడుతుంది, యంత్రమేమో 200 డిగ్రీల దాకా వెళ్తుంది. రిఫైండ్ పల్లి నూనెగాని, రిఫైండ్ పొద్దుతిరుగుడు నూనెగాని 220 డిగ్రీలు దాటేదాకా తట్టుకుంటుంది. అందుకని ఇప్పుడు మా ఇంట్లో 180, 200 డిగ్రీల వంటకు రిఫైండ్ నూనె వాడుతూ, గానుగ నూనెను 150 డిగ్రీలలో నెమ్మదిగా మగ్గే వంకాయకూ, వంట దించిన తర్వాత పైన చల్లుకోవడానికీ ఉంచుకున్నాము. ఈ ఏర్పాటుకు అత్తమ్మ ఒప్పుకోవడానికి మూడు నెలలు పట్టింది.

డబ్బాల్లో దొరికే వంట స్ప్రేను మాత్రం కొనవద్దనే చెప్తాను. వాటిలో చాలావరకు నూనెతో పాటు లెసిథిన్ అనే కొవ్వు పదార్థం కలుపుతారు, అది వేడికి బుట్ట పూత మీద పేరుకొని జిగురుగా గట్టిపడుతుంది. నా మొదటి బుట్ట ఆ జిగురును గీకడంతోనే పాడైంది. ఇప్పుడు పంపుతో కొట్టే ఖాళీ సీసాలో మా నూనెనే పోసుకుంటున్నాను. దాని మూతి పూడుకుపోతుంటుంది కాబట్టి పదిహేను రోజులకోసారి వేడి సబ్బు నీళ్లతో కడగాలి.

నిజానికి స్ప్రే కన్నా చెయ్యే మేలు. పావుకిలో బెండకాయనుగాని దొండకాయనుగాని కడిగి, తడి పూర్తిగా తుడిచి, వెడల్పు గిన్నెలో వేసి ఒక టీ చెంచా నూనెతో ముక్క ముక్కకూ పట్టేలా కలపాలి. ఆ తర్వాతే ఉప్పు, పసుపు వేయాలి. పొడి కారం ముందే చల్లితే ఫ్యాను గాలికి లేచి మాడుతుంది, ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గు. నేను కారాన్ని చివరి మూడు నిమిషాలకు అర చెంచా నూనెలో తడిపి కలుపుతాను. ఒక టీ చెంచా నూనెలో సుమారు 40 కేలరీలు ఉంటాయి కాబట్టి, ఇంత కూరకు చెంచాన్నర దగ్గర పిసినారితనం అక్కరలేదు. ఆలుగడ్డ ముక్కలను అరగంట నీళ్లలో నానబెట్టి ఆరబెడితే పైపిండి పోయి కరకరలాడతాయి.

తోలుతో ఉన్న కోడి కాళ్లకు నూనె అసలు వద్దు, వాటి కొవ్వే చాలు. ఆ కొవ్వు కిందికి కారి పొగ రాకుండా బుట్ట కింద సొరుగులో రెండు చెంచాల నీళ్లు పోస్తాను. అప్పడాలతో మాత్రం జాగ్రత్త: నూనె రాసినా అవి తేలికే, గాలికి లేచి కాయిల్‌కు తగులుతాయి. పైన చిన్న స్టీలు జాలి బోర్లించనిదే నేను వాటిని పెట్టను.

ఇందులో రానివి కూడా ఉన్నాయి. మిరపకాయ బజ్జీ పిండి గట్టిపడేలోపే జారిపోతుంది. సంక్రాంతికి ఒక వాయి సకినాలు పెట్టి చూశాను; బియ్యప్పిండి తెల్లగా ఎండి, నువ్వులు మాత్రం మాడాయి. కాగే నూనెలో మునిగితేనే సకినం గుల్లగా వస్తుంది, బ్రష్షుతో ఎంత రాసినా రాదు. సకినాలకు ఇప్పటికీ కడాయే దిగుతుంది.

మిగతా రోజుల్లో మాత్రం కాగిన నూనెను మళ్లీ మళ్లీ వాడే అలవాటు మా ఇంట్లో పోయింది, నాకు ఇందులో పెద్ద లాభంగా కనిపించేది ఇదే. వేయించిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్లీ మళ్లీ కాగి చెడినకొద్దీ అందులో పెరిగేవి) 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. వంటింట్లో దాన్ని కొలిచేదెవరు?

చివరగా ఒక పని చాలామంది చేయరు. బుట్టను రోజూ కడిగినా, ఎగిరిన నూనె తుంపరలు పైన కాయిల్ మీద పేరుకుంటాయి. ఏమీ వండకముందే వాసన వస్తుందంటే కారణం అదే. నెలకోసారి ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక, యంత్రాన్ని తలకిందులుగా పెట్టి తడి బట్టతో కాయిల్‌ను తుడిచి, ఆరిన తర్వాతే మళ్లీ వాడుతున్నాను.