మెయిన్ డోర్‌కి మోర్టైజ్ స్మార్ట్ లాక్: ఏది బాగుంది, ఎక్కడ మొరాయిస్తుంది

ఇది ఒక్క మోడల్ గురించిన సమీక్ష కాదు. మన అపార్ట్‌మెంట్లలో టేకు తలుపులకీ ఫ్లష్ డోర్లకీ ఎక్కువగా బిగిస్తున్న రకం గురించి. బయటా లోపలా పొడుగాటి ప్లేటు, దానికో హ్యాండిల్, వేలిముద్ర, నంబర్ల ప్యాడ్, కార్డు, ఫోన్ యాప్, వీటితోపాటు మామూలు తాళంచెవి. లాక్ పెట్టె తలుపు మందంలోకి దిగుతుంది కాబట్టి దీన్ని మోర్టైజ్ లాక్ అంటారు. పది వేల రూపాయల లోపు నుంచి ముప్పై వేలు దాటేదాకా దొరుకుతాయి. కంపెనీ పేరు ఏదైనా పెట్టె, మోటారు, బయటి హ్యాండిల్‌ని పెట్టెతో కలిపే క్లచ్ పనిచేసే తీరు చాలావాటిలో ఒకటే. యాప్ కూడా చాలా బ్రాండ్లకు టీటీలాకే. అందుకే మంచీ చెడూ ఉమ్మడిగా చెప్పుకోవచ్చు.

వేలిముద్ర, పిన్ కోసం కొనుక్కుంటే డబ్బు దండగ కాదు. బడి నుంచి వచ్చే పిల్లలు, పొద్దున్నే వచ్చే పనిమనిషి, ఊరి నుంచి దిగే అమ్మానాన్నలు, వీళ్లందరికీ తాళంచెవులు పంచే బాధ తప్పుతుంది. కానీ తలుపు సరిగ్గా లేని ఇంట్లో ఎంత ఖరీదైన లాకైనా ఏడిపిస్తుంది. ఈ లాకుల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఎలక్ట్రానిక్స్‌వి కావు. చెక్కవి, స్క్రూలవి, పెన్సిల్ సెల్స్‌వి.

కొనేముందు టేపు తీసుకుని తలుపు కొలవండి. మందం కనీసం 35 మి.మీ. ఉండాలి. అంతకన్నా పల్చటి ఫ్లష్ డోర్‌లో పెట్టె కోసం గాడి తొలిస్తే రెండు వైపులా మిగిలే చెక్క అట్టలా అయిపోతుంది. తలుపు అంచు నుంచి హ్యాండిల్ మధ్యకు ఉండే దూరం చాలా మోడళ్లలో 60 మి.మీ. దాని చుట్టూ ప్లేటు కూర్చోవడానికి చదునైన చోటు కావాలి. మన పాత టేకు తలుపుల్లో నిలువు చట్రం సన్నగా ఉండి పక్కనే చెక్కుడు పని మొదలవుతుంది. అలాంటిచోట ప్లేటు ఒక అంచు గాల్లో నిలబడుతుంది. బయట ఇనుప సేఫ్టీ డోర్ ఉంటే రెండు తలుపుల మధ్య ఖాళీ కూడా చూడండి. హ్యాండిల్ 60, 70 మి.మీ. ముందుకు వస్తుంది. చాలా ఇళ్లలో లాక్ బిగించాక గానీ సేఫ్టీ డోర్ మూసుకోదని తెలియదు. తలుపు కుడికి తెరుచుకుంటుందా ఎడమకా అన్నది పెద్ద సమస్య కాదు, హ్యాండిల్, లాచ్ నాలుక (తలుపు మూయగానే స్ప్రింగుతో చౌకట్టులోకి దూరే ఏటవాలు ముక్క) రెండూ తిప్పి బిగించుకునేలానే ఎక్కువ మోడళ్లు వస్తున్నాయి. ఆర్డర్ పెట్టేముందు ఒక్కసారి అడిగితే చాలు.

ఇక అమ్మేవాళ్లు సరిగ్గా చెప్పని విషయం ఒకటుంది. "తలుపు లాగితే చాలు సార్, ఆటో లాక్" అంటారు. మోటారుతో బోల్ట్‌లు బయటికి వచ్చే ఖరీదైన మోడళ్లలో అది నిజమే. మిగతా ఎక్కువ మోడళ్లలో మోటారు చేసే పని ఒక్కటే, చిన్న క్లచ్‌ని కలపడం, విడదీయడం. క్లచ్ విడిపోయినప్పుడు బయటి హ్యాండిల్ ఊరికే కిందికీ పైకీ ఊగుతుంది, లోపల ఏదీ కదలదు. తలుపుని పట్టి ఉంచేది అప్పుడు స్ప్రింగ్ లాచ్ నాలుక మాత్రమే. మందపాటి బోల్ట్‌లు బయటికి రావాలంటే హ్యాండిల్‌ని పైకి ఎత్తాలి. రాత్రి పడుకునేముందు, ఊరెళ్లేటప్పుడు ఇది తప్పక చేయాలి. ఇంట్లో అందరికీ మొదటి రోజే నేర్పించండి.

లాచ్ నాలుక పక్కన ఇంకో చిన్న నాలుక ఉంటుంది. తలుపు మూసినప్పుడు అది స్ట్రైక్ ప్లేట్ (చౌకట్టుకు బిగించే రంధ్రాల రేకు) మీద నొక్కుకుని ఉండాలి, రంధ్రంలోకి పడకూడదు. అది నొక్కుకుని ఉంటేనే పెద్ద నాలుక వెనక్కి పోకుండా బిగుసుకుంటుంది. వడ్రంగి రంధ్రం పెద్దదిగా తొలిచేస్తే రెండు నాలుకలూ లోపలికి పడతాయి. అప్పుడు సందులోంచి ప్లాస్టిక్ కార్డు దూర్చి తలుపు తెరవొచ్చు. బిగించినవాళ్లు వెళ్లకముందే ఇది చూసుకోండి.

మొరాయింపుల దగ్గరికి వద్దాం. వేలు పెట్టగానే పచ్చ లైటు వచ్చి, మోటారు "జుయ్" అని, అయినా హ్యాండిల్ దిగకపోతే, లేదా హ్యాండిల్ ఎత్తితే బోల్ట్‌లు సగంలో ఆగిపోతే, ముందుగా చేయాల్సింది ఒక్కటే. తలుపు తెరిచి ఉంచి అదే పని చేయండి. తెరిచినప్పుడు హాయిగా పనిచేసి, మూసినప్పుడు మొరాయిస్తే లాక్‌లో లోపం లేదు. బోల్ట్ స్ట్రైక్ ప్లేట్‌కి రాసుకుంటోంది. ఎక్కడ రాసుకుంటోందో తెలియాలంటే బోల్ట్ చివర సుద్దముక్క గానీ తడి కుంకుమ గానీ రాసి, తలుపు మూసి హ్యాండిల్ ఎత్తండి. ప్లేట్ మీద మచ్చ పడినచోటే అడ్డు. ఒకటి రెండు మి.మీ. తేడా అయితే ఆకురాయితో రంధ్రం అంచు అరగదీస్తే సరిపోతుంది. అంతకన్నా ఎక్కువైతే ప్లేట్‌ని జరపాలి. మచ్చ రంధ్రం కింది అంచున పడితే తలుపు కిందికి జారిందన్నమాట, పై కీలు స్క్రూలు వదులై ఉంటాయి. వాటిని బిగించాక గానీ ప్లేట్‌ని ముట్టుకోకండి.

జులై, ఆగస్టుల్లో ఈ ఫిర్యాదు హఠాత్తుగా పెరుగుతుంది. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. గడప కడిగిన నీళ్లు తలుపు కింది అంచుకు తగిలే ఇళ్లలో ఇంకా ఎక్కువ. తలుపు పైఅంచు, కిందిఅంచు పాలిష్ లేకుండా పచ్చిగా వదిలేయడం మన దగ్గర అలవాటు, తేమ లోపలికి పోయేది అక్కడినుంచే. ఆ రెండు అంచులకూ ఎండాకాలంలోనే పాలిష్ గానీ పెయింట్ గానీ వేయించండి. వానల్లో ఉబ్బిన తలుపుని రంధ్రం పెంచి సరిచేస్తే, వేసవిలో వదులై గడగడలాడుతుంది.

తలుపు తెరిచి ఉన్నా హ్యాండిల్ బిగుసుకుంటోందా? ప్లేట్లను కలిపి పట్టే పొడవాటి స్క్రూలు అతిగా బిగించి ఉంటారు. ప్లేట్లు వంగి, హ్యాండిల్‌ని పెట్టెతో కలిపే చదరపు కడ్డీ ఇరుక్కుంటుంది. పైదీ కిందిదీ అర చుట్టు చొప్పున వదులు చేసి చూడండి. కొత్తగా బిగించిన లాక్ అసలు వెలగకపోతే లోపలి ప్లేట్ విప్పి వైరు చూడాలి. బయటి ప్యాడ్ నుంచి లోపలికి వచ్చే కేబుల్ ప్లేటుకీ చెక్కకీ మధ్య నలిగిపోవడం బిగింపులో తరచుగా జరిగే పొరపాటు.

సెల్స్ విషయంలో పిసినారితనం పనికిరాదు. ఎక్కువ మోడళ్లు నాలుగు ఏఏ సైజు పెన్సిల్ సెల్స్‌తో, అంటే 6 వోల్టులతో నడుస్తాయి. కొన్నిటికి ఎనిమిది. ఆల్కలైన్ సెల్సే వేయాలి. గోడ గడియారానికి వేసే చవక సెల్స్ జింక్ కార్బన్‌వి, పైన "హెవీ డ్యూటీ" అని రాసి ఉన్నా సరే. మోటారు తిరిగే క్షణంలో కావాల్సిన కరెంటు అవి ఇవ్వలేవు, త్వరగా కారతాయి కూడా. రీచార్జి సెల్స్ 1.2 వోల్టులవి కాబట్టి బ్యాటరీ శాతం తప్పుగా చూపిస్తుంది. 1.5 వోల్టుల లిథియం సెల్స్ చివరిదాకా నిండుగానే కనిపించి ఒక్కసారిగా చచ్చిపోతాయి, హెచ్చరిక బీప్ వచ్చేసరికే ఆలస్యం అవుతుంది. పాతా కొత్తా కలపకండి, నాలుగూ ఒకేసారి మార్చండి. సెల్స్ మార్చినా వేలిముద్రలు, పిన్‌లు పోవు, అవి లాక్ మెమరీలో ఉంటాయి. స్ప్రింగ్ దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే ఆల్కలైన్ సెల్ కారిందన్నమాట. ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ ముంచి తుడిచి, బాగా ఆరాక కొత్తవి వేయండి. కొత్త సెల్స్ కూడా అనుకున్నదానికన్నా త్వరగా అయిపోతుంటే మళ్లీ తలుపు మీదే అనుమానపడండి. మోటారే బోల్ట్‌ని తోసే మోడళ్లలో అది రాపిడితో పోరాడుతూ కరెంటు తాగేస్తుంది. లాక్‌లోనే వై-ఫై ఉన్న మోడళ్లు సహజంగానే ఎక్కువ తింటాయి.

సెల్స్ పూర్తిగా అయిపోయి బయట నిలబడితే? ప్యాడ్ కింద టైప్-సి గానీ మైక్రో యూఎస్‌బీ గానీ సాకెట్ ఉంటుంది, కొన్నిటిలో 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఆనించే రెండు బొడిపెలు. పవర్ బ్యాంక్ పెట్టి, తీయకుండా పట్టుకుని, అలాగే వేలు పెట్టాలి. ఆ సాకెట్ సెల్స్‌ని చార్జ్ చేయదు, పెట్టి ఉన్నంతసేపే పవర్ ఇస్తుంది. పెట్టిన కాసేపటికే ఆరిపోతోందంటే లోపం పవర్ బ్యాంక్‌ది, లాక్ తీసుకునే కరెంటు మరీ తక్కువై అది తనంతట తానే ఆగిపోతుంది. దాని బటన్ నొక్కి వెంటనే తెరవండి.

తాళంచెవి లేని మోడల్‌ని మాత్రం సిఫారసు చేయను. సర్క్యూట్ కాలిపోయిన రోజు పవర్ బ్యాంక్ ఏమీ చేయలేదు. తాళంచెవి ఉన్నా అన్నీ ఇంట్లో బీరువాలో పెట్టుకుంటే లేనట్టే. ఒకటి ఆఫీసులోనో, దగ్గర్లోని బంధువుల ఇంట్లోనో ఉండాలి. రెండు మూడు నెలలకోసారి దానితో తెరిచి చూడండి, వాడని రంధ్రంలో దుమ్ము చేరి అవసరానికి తిరగదు. బిగుసుకుంటే గ్రాఫైట్ పొడి వేయాలి. కొబ్బరినూనె వేస్తే దుమ్ము ముద్దకట్టి ఇంకా పాడవుతుంది.

వేలిముద్ర దగ్గర మన ఇళ్ల సమస్య వేరు. గిన్నెలు తోమే చేతులకు, పెద్దవాళ్ల వేళ్లకు గీతలు అరిగిపోతాయి. చలికాలంలో చర్మం పొడిబారుతుంది. తడి, నూనె, పసుపు అంటిన వేళ్లు కూడా పనిచేయవు. నమోదు చేసేటప్పుడు వేలిని ప్రతిసారీ ఒకేలా పెట్టకుండా కొంచెం కుడికి, ఎడమకి, కొనవైపు మార్చుతూ పెట్టాలి, రోజూ నిలబడి ఎలా పెడతామో అలా. ఒక్కొక్కరికి రెండు చేతుల నుంచి రెండేసి వేళ్లు, మొరాయించే వేలుంటే దాన్నే ఇంకోసారి వేరే నంబర్ కింద. అయినా పడకపోతే పనిమనిషిని రోజూ తలుపు దగ్గర ఇబ్బంది పెట్టకండి, కార్డో పిన్నో ఇవ్వండి. కార్డు పోతే ఆ రోజే తొలగించాలి. చవక కార్డుల్లో కొన్ని రకాలను కాపీ చేయడం కష్టం కాదు.

పిన్ కొట్టేటప్పుడు అసలు నంబర్‌కి ముందూ వెనకా ఇష్టమొచ్చిన అంకెలు కొట్టే వీలు చాలా లాకుల్లో ఉంది. పక్కనుంచి చూసేవాళ్లకు అసలు పిన్ తెలియదు, వేలి మరకలు కూడా ప్యాడ్ మీది అన్ని అంకెలకూ పడతాయి. తప్పక వాడండి. కొత్త లాక్‌కి, లేదా రీసెట్ చేసిన లాక్‌కి అడ్మిన్‌ని పెట్టేదాకా చాలా మోడళ్లలో ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటుంది. అది లోపం కాదు, కానీ అలా ఒక్క రాత్రి కూడా వదలకూడదు.

"పాడైంది" అనుకునే ఇంకో రెండు సందర్భాలు. లోపలి ప్లేట్ మీద గడియలా వాడే చిన్న నాబ్ తిప్పి ఉంటే సరైన వేలు పెట్టినా బయటి నుంచి తెరుచుకోదు, బీప్ కొట్టి నిరాకరిస్తుంది. లోపలున్నవాళ్లు నాబ్ వెనక్కి తిప్పితే చాలు. రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం: హ్యాండిల్ ఎవరు నొక్కినా తలుపు తెరుచుకుంటుంది. ఫంక్షన్ రోజు ఎవరో తాళం పడకుండా ఉంచే "ప్యాసేజ్ మోడ్" వేసి మరిచిపోయి ఉంటారు. యాప్‌లో ఆపేయండి. ఏమీ స్పందించకుండా బిగుసుకుపోతే ఒక సెల్ తీసి నిమిషం ఆగి పెడితే లాక్ మళ్లీ మొదలవుతుంది.

యాప్ పర్వాలేదు, అంతే. తలుపు దగ్గర బ్లూటూత్‌తో బాగానే తెరుస్తుంది కానీ వేలు పెట్టడం అంతకన్నా త్వరగా అయిపోతుంది. నిజంగా పనికొచ్చేది గంటల లెక్కన, రోజుల లెక్కన గడువుతో ఇచ్చే పిన్‌లు. ఇవి లాక్‌లోని గడియారం మీద ఆధారపడతాయి. సెల్స్ మార్చాక గడువు పిన్‌లు మాత్రమే పనిచేయకపోతే, ఫోన్‌తో లాక్ దగ్గర నిలబడి యాప్ సెట్టింగుల్లో లాక్ టైం సరిచేయండి. లాక్‌లోనే వై-ఫై లేకపోతే, దూరం నుంచి తెరవడానికి గేట్‌వే అనే చిన్న పెట్టె విడిగా కొనాలి. అది సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకే కలుస్తుంది, లాక్‌కి దగ్గర్లో ఉండాలి. రూటర్‌లో రెండు బ్యాండ్లకూ (2.4, 5 గిగాహెర్ట్జ్) ఒకే పేరుంటే కలవక సతాయిస్తుంది, 2.4కి వేరే పేరు పెట్టండి. కరెంటు పోతే గేట్‌వే ఆగుతుంది గానీ లాక్ ఆగదు. అప్‌డేట్‌లు మాత్రం వాయిదా వేయొద్దు. 2024లో టీటీలాక్ యాప్‌లో, దాని వెనకున్న సైనర్ కంపెనీ లాక్ ఫర్మ్‌వేర్‌లో (లాక్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌లో) భద్రతా పరిశోధకులు తీవ్రమైన లోపాలు బయటపెట్టారు. బ్రాండ్ పేరు వేరైనా కొనేముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లు ఎవరిస్తారో అడగండి.

గేట్‌వే డబ్బుకు నిజంగా న్యాయం జరిగేది ఒకచోట: పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, పెద్దవాళ్లు ఇక్కడ ఒంటరిగా ఉన్న ఇళ్లలో. అమ్మ ఫోన్ ఎత్తకపోతే అప్పటికప్పుడు అక్కడినుంచే లాక్ తెరిచి పక్కింటివాళ్లను లోపలికి పంపొచ్చు. కానీ ఆవిడ రాత్రి లోపల గడియ వేసుకుంటే, లేదా లోపలి నాబ్ తిప్పి పడుకుంటే అది ఎందుకూ పనికిరాదు. అలాంటి ఇంట్లో పాత గడియ వాడొద్దని, పడుకునేముందు హ్యాండిల్ ఎత్తితే చాలని పెద్దవాళ్లకు ఓపికగా నచ్చజెప్పాలి. నాబ్ తిప్పి ఉన్నా అడ్మిన్ పిన్‌తో బయటి నుంచి తెరుచుకునే మోడల్ చూసుకుంటే ఇంకా మేలు. లోపలి హ్యాండిల్ మాత్రం సెల్స్‌తో పని లేకుండా ఒక్క నొక్కుతో తెరుచుకోవాలి, షాపులో డెమో లాక్‌ని సెల్స్ తీయించి మరీ చూడండి.

ఎండా వానా నేరుగా కొట్టే ఇండిపెండెంట్ ఇంటి తలుపుకైతే బయటి ప్యాడ్‌కి ఐపీ రేటింగ్ (దుమ్ము, నీళ్లు ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) ఉన్నదే తీసుకోండి, పైన చిన్న సజ్జ వేయించండి. పడమటి ఎండ పడే ప్యాడ్ మధ్యాహ్నం తర్వాత తాకితే సరిగ్గా స్పందించకపోవచ్చు. అద్దె ఇంటికి బిగిస్తే, ఖాళీ చేసేవాళ్లు తమ యాప్‌లోంచి లాక్‌ని తొలగించే వెళ్లాలి. వాళ్లు తొలగించకుండా వెళ్లిపోతే లోపలి ప్లేట్‌లో, సెల్స్ మూత దగ్గర రీసెట్ బటన్ ఉంటుంది. పొడవాటి బీప్ వచ్చేదాకా నొక్కి పట్టి, వెంటనే కొత్త అడ్మిన్‌ని నమోదు చేసి, ఆ తర్వాత ఇదివరకు నమోదైన వేలు ఒకటి పెట్టించి పాత వేలిముద్రలన్నీ పోయాయో లేదో చూడండి.