మన్ కేసు, వాబాష్ కేసు: గిడ్డంగి, రైలు ఛార్జీలపై రాష్ట్రం మాట చెల్లుతుందా?

రెండూ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం కేసులే, తీర్పుల దారులే వేరు. షికాగో ధాన్యం గిడ్డంగుల అద్దెకు రాష్ట్రం పరిమితి పెట్టొచ్చని 1877లో మన్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. రైతులకు అది పెద్ద గెలుపు.

1886 నాటి వాబాష్ కేసే అసలు తమాషా. ఇల్లినాయ్‌లోని పియోరియా నుంచి న్యూయార్క్‌కు వాబాష్ రైల్వే ఛార్జీ వంద పౌండ్లకు 15 సెంట్లు. అదే రాష్ట్రంలో, న్యూయార్క్‌కు 86 మైళ్లు ఎక్కువ దగ్గరగా ఉన్న గిల్మన్ నుంచి 25! అయినా సరుకు రాష్ట్రం దాటుతోంది కాబట్టి ఇల్లినాయ్ ఆ ఛార్జీల జోలికి వెళ్లొద్దంది కోర్టు. గిల్మన్ వ్యాపారి కడుపుమంట ఊహించుకోవచ్చు.

నా మొగ్గు మన్ వైపే. కానీ ఒక్కో రాష్ట్రం ఒక్కో రేటు పెడితే దూరం వెళ్లే సరుకుకు ఏ లెక్క కట్టాలి? ఆ చిక్కు విప్పాల్సిన పని కేంద్రం మీద పడింది. 1887లో అంతర్రాష్ట్ర వాణిజ్య చట్టం వచ్చింది.